అలసిన వారికి ఏడు రోజుల విడిది
(వార్షిక సర్వసభ్య సమావేశంలో విద్యా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సమావేశంలో విద్యా కమిటీ చెప్పే మాటలు మీకు కంఠతా వచ్చేసి ఉంటాయి. ఎంతమందికి ఫీజులు కట్టాం, ఎంతమంది పాసయ్యారు, ఎవరికి ఎక్కడ సీటు వచ్చింది. ఆ లెక్కలు ఈ సంచికలోనే వేరే పేజీల్లో ఉన్నాయి కాబట్టి ఇక్కడ చదవం. ఈసారి వేరే సంగతి మీ ఎదుట పెట్టదలచుకున్నాం. మన సాయంతో చదివి, ఉద్యోగాల్లో చేరి, పదేళ్ళో పన్నెండేళ్ళో గడిచాక, పైకి ఏ జబ్బూ లేకుండానే లోపల కూలిపోతున్న పిల్లల సంగతి అది. పిల్లలు అంటున్నాం గానీ వాళ్ళకు ముప్పై అయిదు, నలభై ఏళ్ళు. బడిలో పాఠం చెప్పినవాళ్ళకు ఎవరైనా పిల్లలే కదా.

ఒక అమ్మాయి గురించి చెబుతాం. ఆమె అనుమతితోనే చెబుతున్నాం. పేరు, ఊరు, పనిచేసే చోటు చెప్పం. దయచేసి ఎవరూ ఆరా తీయవద్దు. మన స్కాలర్‌షిప్‌తో ఎం.బి.బి.ఎస్. పూర్తి చేసింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు. పన్నెండు గంటల డ్యూటీ, నెలలో సగం రాత్రులు. భర్త కువైట్‌లో. ఇంట్లో ఇద్దరు పిల్లలు, షుగరుతో కాలికి పుండు పడిన అత్తగారు. ఇవి చాలవన్నట్టు ఫోను. మేనమామ కొడుకు క్రియాటినిన్ రిపోర్టు, పక్కింటి వాళ్ళ స్కానింగు, ఎప్పుడో పెళ్ళిలో కలిసినావిడ బీపీ మాత్రలు. 'కొంచెం చూసి చెప్పమ్మా' అని రాత్రి పదకొండుకు వాట్సాప్. ఈ హాల్లో కూర్చున్నవాళ్ళలో కూడా ఆమెకు రిపోర్టులు పంపినవాళ్ళు ఉన్నారని మాకు తెలుసు. తప్పు పట్టడం లేదు. మన ఇంటి పిల్ల డాక్టరైతే అడగకుండా ఎవరుంటారు?

ఆ అమ్మాయి మన ఆఫీసుకు వచ్చింది. సాయం అడగడానికి కాదు. తనకు ఇచ్చిన స్కాలర్‌షిప్ మొత్తం వాయిదాల మీద తిరిగి కట్టేస్తానని చెప్పడానికి. వైద్యం మానేస్తున్నాను, మీ డబ్బు వృథా చేసినట్టు ఉండకూడదు అంది. ఎందుకమ్మా అంటే, రోగి వచ్చి ఎదుట కూర్చుంటే మనిషిలా కనిపించడం లేదు, ఇంకో పనిలా కనిపిస్తున్నాడు అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఏడవలేదు. మాకు ఎక్కువ భయం వేసింది అందుకే.

దీనికి ఇంగ్లీషులో బర్నవుట్ అని పేరు. మండి మండి ఆరిపోవడం. న్యూయార్కులో పేదల ఉచిత క్లినిక్‌లో పనిచేసిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త 1974లో ఈ స్థితి గురించి రాశారు. గమనించండి, ఆయన దీన్ని చూసింది పనంటే గిట్టని వాళ్ళలో కాదు, సేవాభావంతో వచ్చి రాత్రింబవళ్ళు పనిచేసిన వాళ్ళలో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన జబ్బుల పట్టిక పదకొండో కూర్పులో దీనికి చోటిచ్చింది, అయితే ఇది జబ్బు కాదు, ఉద్యోగం వల్ల కలిగే స్థితి అని స్పష్టంగా రాసింది. దానికి మూడు గుర్తులు చెప్పింది: శక్తి మొత్తం ఇంకిపోవడం, పని మీద మనసు విరిగి దూరం జరగడం, ఎంత చేసినా సరిగా చేయలేకపోతున్నానని అనిపించడం. ఆ అమ్మాయి ఒక్క వాక్యంలో ఈ మూడూ చెప్పింది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. బతకాలని లేదు, నేను లేకపోతేనే మేలు అనే మాటలు వినిపిస్తే అది అలసట లెక్కలోకి రాదు. అటువంటి మనిషిని ఒంటరిగా ఎక్కడికీ పంపకూడదు. ముందు మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళాలి. 2022 నుంచి టెలి మానస్ అనే ప్రభుత్వ సహాయ కేంద్రం ఉంది, 14416కు రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. మేము కూడా ఆ అమ్మాయిని ముందు డాక్టరుకు చూపించాకే మిగతా ఆలోచన చేశాం. ఆ డాక్టరు చెప్పింది విశ్రాంతి కావాలనే.

విశ్రాంతి అనగానే కమిటీలో సలహాలకు కొదవ లేదు. ఊటీ పంపుదాం, కుటుంబంతో పంపుదాం అన్నారు. కుటుంబంతో పోతే ఆమెకు విశ్రాంతి ఎక్కడిది? పిల్లల సూట్‌కేసు సర్దేది ఎవరు, అత్తగారికి ఇన్సులిన్ వేసేది ఎవరు? హార్స్‌లీ హిల్స్‌లో కాటేజీ తీద్దామని ఒకరన్నారు. మన పక్కనే, 4,000 అడుగులకు పైగా ఎత్తు, చల్లదనం. ఏనుగు మల్లమ్మ కొండ అనే పాత పేరుంది, హార్స్‌లీ అనే కడప కలెక్టరు అక్కడ ఇల్లు కట్టుకున్నాక ఈ పేరొచ్చింది. మంచి చోటే. కానీ శని, ఆదివారాలు జీపులు, స్పీకర్లు, ఊరివాళ్ళు. 'డాక్టరమ్మా, మీరిక్కడ?' అని ఒక్కరు పలకరించినా చాలు, మళ్ళీ రిపోర్టులు మొదలు.

పొద్దున ఫలానా మౌలానా ప్రసంగం, సాయంత్రం వ్యక్తిత్వ వికాసం క్లాసు పెడదాం అని కూడా ఒకరు ప్రతిపాదించారు. మర్యాదగానే కాదన్నాం. అలసినవాడికి ఉపదేశం ఇంకో డ్యూటీ అవుతుంది. నమాజు ఆమె చదువుకుంటుంది, అది ఆమెకూ అల్లాహ్‌కూ మధ్య సంగతి. టైంటేబుల్ మాత్రం వద్దన్నాం. ముప్పై ఏళ్ళుగా టైంటేబుళ్ళు గీసినవాళ్ళం కాబట్టి ఆ మాట అనే హక్కు మాకుందనుకుంటాం.

పక్కకు జరిగి ఒంటరిగా ఉండడం మనకు కొత్తేమీ కాదు. రంజాన్ చివరి పది రోజులు మసీదులో ఎతెకాఫ్ కూర్చునేవారిని ఏటా చూస్తూనే ఉన్నాం. అది ఆరాధన, ఇది దానికి సాటి అని చెప్పడం లేదు. ఒక్క విషయం చూడండి. ఎతెకాఫ్ కూర్చున్న మగవాడికి ఇంటి నుంచి ఇఫ్తారు వస్తుంది, సహెరీ వస్తుంది, కొట్టు తమ్ముడు చూసుకుంటాడు. అదే ఆడవాళ్ళు ఇంట్లో ఒక మూల కూర్చుంటే కుక్కరు విజిల్ వాళ్ళకే వినిపిస్తుంది. కాబట్టి ఒకరు ప్రశాంతంగా పక్కకు వెళ్ళాలంటే వాళ్ళ పని ఇంకొకరు ఎత్తుకోవాలి. మేము ఈ విడిదిని తయారు చేసింది ఆ చివరి నుంచే. గది నుంచి మొదలుపెట్టలేదు, ఆమె ఇంటి నుంచి మొదలుపెట్టాం.

అత్తగారి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాం. ఆవిడ మొదట ఒప్పుకోలేదు. కోడలు ఒంటరిగా తోటలో ఉంటే నలుగురూ ఏమంటారు, కువైట్‌లో ఉన్న కొడుక్కి ఏం చెప్పాలి అన్నారు. అది తీసిపారేయాల్సిన మాట కాదు. మన ఇళ్ళలో ఇజ్జత్ అనేది ఆడవాళ్ళ నెత్తి మీద పెట్టిన బిందె, తొణికితే నింద వాళ్ళదే. అందుకని అమ్మాయి సొంత ఖాలా తోడుగా వెళ్ళేలా, అయితే వేరే గదిలో ఉండేలా ఏర్పాటు చేశాం. భర్తతో మేమే ఫోనులో మాట్లాడాం. ఆయన ఒక్క నిమిషం మౌనంగా ఉండి, 'ఆమె ఇంత అలసిపోయిందని నాకు చెప్పలేదు సార్' అన్నాడు. ఇక పట్టుబట్టి సెలవు పెట్టించింది ఆయనే.

ఇంట్లో మూడు పనులకు మనుషుల్ని పెట్టాం. అత్తగారికి పుండు కట్టు మార్చడానికి, ఇన్సులిన్ వేయడానికి అనుభవం ఉన్న ఒక అటెండరు. వంటకు అదే వీధిలోని ఒకావిడ. పిల్లల్ని బడికి దింపి తేవడానికి తెలిసిన ఆటో. ఇవి ఏడు రోజులకు కాదు, తొమ్మిది రోజులకు. ఆ రెండు రోజులు ఎందుకో తరువాత చెబుతాం.

ఇక చోటు. మన దాతల్లో ఒకరికి మదనపల్లెకు కొద్ది దూరంలో మామిడితోట ఉంది, అందులో రెండు గదుల ఇల్లు. ఏసీ లేదు, టీవీ లేదు. డిసెంబరు కాబట్టి ఏసీ అవసరమూ లేదు. గదిలో మేము చేసిన మార్పులు చిన్నవి. మంచాన్ని కిటికీ వైపు తిప్పాం, పడుకుని చూస్తే చెట్లు కనిపించేలా. దీనికి ఆధారం ఉంది. రోజర్ ఉల్రిచ్ అనే అమెరికన్ పరిశోధకుడు ఆపరేషన్ చేయించుకున్న రోగులను పోల్చి చూశాడు. కిటికీలోంచి చెట్లు కనిపించిన వాళ్ళు, ఇటుక గోడ కనిపించిన వాళ్ళకన్నా ముందు ఇంటికి వెళ్ళారు, నొప్పికి బలమైన మందులు తక్కువ వాడారు. 1984లో ప్రచురించాడు. చిన్న అధ్యయనమే, అయినా మంచం తిప్పడానికి ఖర్చేముంది?

తలుపుకు లోపలి గడియ కొత్తది వేయించాం. దోమతెర, ముదురు రంగు కర్టెన్లు. రాత్రి డ్యూటీల వల్ల ఆమెకు ఏ వేళకు నిద్రో ఏ వేళకు మెలకువో శరీరానికే తెలియని స్థితి. అటువంటి వాళ్ళకు రాత్రి చీకటి ఎంత అవసరమో, పొద్దున్నే కళ్ళకు వెలుతురు అంతే అవసరం. అందుకే వరండాలో తూర్పు వైపు కుర్చీ వేయించాం. బోరు మోటారుకు ఆటో స్టార్టరు ఉంది, కరెంటు వస్తే దానంతట అదే గుర్రుమంటుంది. వారం పాటు దాన్ని ఆపించి, పగలు ఒక వేళ పెట్టుకుని తోటమాలి చేతనే వేయించాం. టీ మాత్రం మానిపించలేదు. ఆరోగ్యం పేరుతో ఒక్కసారిగా టీ, కాఫీ ఆపించే చోట్లు ఉన్నాయి. రోజుకు ఆరు టీలు తాగే మనిషికి అలా ఆపితే మొదటి రెండు మూడు రోజులు తలనొప్పితోనే సరిపోతాయి.

అన్నిటికన్నా కష్టమైనది ఫోను. ఆమె చేతే ఒక సందేశం పెట్టించాం: ఫలానా తేదీ వరకు అందుబాటులో ఉండను, అత్యవసరమైతే 108కి ఫోను చేయండి. తరువాత ఫోను ఖాలా బీరువాలో పెట్టారు. రోజూ సాయంత్రం ఖాలా ఫోను నుంచి పిల్లలతో పది నిమిషాలు. ఇంట్లో నిజంగా ఏదైనా జరిగితే ఖాలాకే చెబుతారు, చెప్పాలా వద్దా అన్నది ఖాలా చూసుకుంటారు. మా కమిటీ వాళ్ళం ఒక్కరం కూడా ఆ వారంలో తోటకు వెళ్ళలేదు. 'ఎలా ఉందమ్మా' అని అడగడం కూడా జవాబు రాబట్టడమే కదా.

మొదటి రెండు రోజులు తిని పడుకుంది, లేచి తిని మళ్ళీ పడుకుంది. మూడో రోజు గొడవ. నేనిక్కడ ఏం చేస్తున్నాను, ఇంటికి పోతాను అని ఏడ్చిందట. ఖాలా చదువుకోలేదు గానీ తెలివైన మనిషి. ఉండమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. అన్నం తిన్నాక చూద్దాం అన్నారు. నాలుగో రోజు తోటమాలి భార్య అనపకాయలు వొలుస్తుంటే వెళ్ళి పక్కన కూర్చుంది. చలికాలం మన వైపు అనపకాయల సంగతి మీకు చెప్పాలా! కాయ వొలవడం, గింజ నానబెట్టడం, పితకడం, పితికిపప్పు పులుసు. డాక్టరు పనికి అంతు కనిపించదు, ఒక రోగి వెళితే ఇంకొకరు. చేటలో గింజలు మాత్రం కళ్ళ ఎదుటే నిండుతాయి, పని అయిపోతుంది. ఆ వారంలో తనకు అన్నిటికన్నా నచ్చింది అదేనని తరువాత చెప్పింది. ఏమీ చేయకుండా కూర్చోవడం అందరికీ పడదు. తన వృత్తికి సంబంధం లేని, చేతులకు పని చెప్పే చిన్న పని ఒకటి అందుబాటులో ఉండాలి. చేయమని మాత్రం అనకూడదు.

ఏడో రోజు సాయంత్రం ఇంటికి వచ్చింది. డ్యూటీ తొమ్మిది రోజులు నిండాకే. ఎనిమిదో రోజు, తొమ్మిదో రోజు ఇంట్లోనే, సాయానికి పెట్టిన మనుషులు ఉండగానే గడిపింది. సెలవుల ఫలితం గురించి నెదర్లాండ్స్ పరిశోధకులు 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. సెలవు మొదలవగానే మనసు తేలికపడుతుంది, సుమారు ఎనిమిదో రోజుకు అది పైస్థాయికి చేరుతుంది, పనిలో చేరిన మొదటి వారంలోనే మళ్ళీ మొదటికి వస్తుంది. అంటే వారం రోజుల విశ్రాంతి వారంలో కరిగిపోతుందన్న మాట. మరి ఇంత శ్రమ ఎందుకు?

జవాబు మనకు ఆరోగ్యవరంలో దొరుకుతుంది. మదనపల్లె పక్కన ఆ శానిటోరియం 1915 నుంచి ఉంది. క్షయకు సరైన మందులు లేని రోజుల్లో మంచి గాలి, మంచి తిండి, పూర్తి విశ్రాంతి, ఇవే వైద్యం. ఎక్కడెక్కడి నుంచో వచ్చి నెలల తరబడి ఉండేవారు. తరువాత మందులు వచ్చాయి. మద్రాసులో ఒక ప్రయోగం చేసి, సరైన మందులు వాడితే ఇంట్లో ఉన్నవాళ్ళు కూడా శానిటోరియంలో ఉన్నవాళ్ళలాగే కోలుకుంటారని 1959లో తేల్చారు. విశ్రాంతి బలం ఇచ్చింది, జబ్బును నయం చేసింది మందు. ఇక్కడా అంతే. తోటలో ఏడు రోజులు మందు కాదు, మందు ఏమిటో ఆలోచించగల బలం. మందు ఉండేది పనిలో. ఎన్ని రాత్రి డ్యూటీలు, ఎన్ని ఫోన్లు, ఇంట్లో ఎవరి భారం ఎవరు మోయాలి అన్నదాంట్లో.

తిరిగొచ్చాక ఆ అమ్మాయి మూడు పనులు చేసింది. రాత్రి డ్యూటీలు తగ్గించమని ఆసుపత్రిలో రాసిచ్చింది. వెంటనే ఒప్పుకోలేదు, రెండు నెలలు పట్టింది, జీతం కొంత తగ్గింది. వాట్సాప్‌లో రిపోర్టులు చూడనని అందరికీ చెప్పింది, కొందరు చుట్టాలు అలిగారు, ఇంకా అలకలోనే ఉన్నారు. అటెండరును వారానికి రెండు రోజులు కొనసాగించమని భర్తను అడిగింది, ఆయన పంపుతున్నాడు. ఇప్పుడు అంతా బాగుందని చెప్పం. బాగాలేని రోజులు ఉన్నాయట. వైద్యం మాత్రం మానలేదు. స్కాలర్‌షిప్ డబ్బు కట్టే మాట మళ్ళీ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

దాతలకు లెక్క చెప్పాలి. అటెండరుకు తొమ్మిది రోజులకు 8,100 రూపాయలు, వంటావిడకు 4,000, ఆటోకు 1,500. తోటలో సరుకులకు 3,200, తోటమాలి భార్యకు 3,000. మొత్తం 19,800. ఇందులో 13,600, అంటే మూడింట రెండు వంతులకు పైగా, ఆమె లేని ఇంట్లో ఖర్చయింది. ఇది చూసి మనలో ఒకరు, తోటకు పెట్టిన ఖర్చు అర్థమైంది, ఇంటి మనుషులకు మనం జీతాలెందుకు ఇవ్వాలి అని అడిగారు. అడగదగిన ప్రశ్నే. తోట లేకపోయినా ఇంకో గది దొరికేది. ఆ ముగ్గురు మనుషులు లేకపోతే ఆమె గడప దాటేది కాదు.

పాతకాలపు వక్ఫులు ఈ సంగతి ఎరిగినవే. టర్కీలో ఎడిర్నే అనే పట్టణంలో సుల్తాన్ రెండో బాయజీద్ 1488లో పూర్తి చేయించిన మసీదు, వైద్య విద్యాలయం, ఆసుపత్రి ఉన్నాయి. ఇప్పుడు ఆసుపత్రి మ్యూజియంగా ఉంది. మనసు చెదిరినవాళ్ళకు అక్కడ చికిత్స చేసేవారు. గుమ్మటం కింద నీటి ఊట, పై నుంచి వెలుతురు, చుట్టూ గదులు. ఎవ్లియా చెలెబీ అనే యాత్రికుడు పదిహేడో శతాబ్దంలో చూసి రాసింది ఇంకా ఆసక్తికరం: పదిమంది గాయకులు, వాద్యకారులు వారానికి మూడుసార్లు వచ్చి రోగులకు సంగీతం వినిపించేవారట, వాళ్ళను నియమించింది ఆ వక్ఫే. గోడలు కట్టి వదిలేయలేదు. మనుషులకు జీతాలు రాసిపెట్టారు. మనకు భవనాలంటే మోజు ఎక్కువ. శిలాఫలకం మీద పేరు కనిపిస్తుంది కదా. అటెండరు జీతం మీద ఎవరి పేరూ చెక్కలేం.

ఒక మసలా కూడా స్పష్టం చేయాలి. ఈ పనికి జకాత్ సొమ్ము వాడలేం, వాడలేదు కూడా. జీతం తెచ్చుకునే డాక్టరు జకాత్‌కు అర్హురాలు కాదు. ఇది సదఖా నుంచి, లిల్లాహ్ కింద ఇచ్చిన సొమ్ము నుంచే జరగాలి. అందుకని వేరే రసీదు పుస్తకం, వేరే ఖాతా పెట్టాం. స్కాలర్‌షిప్‌కు ఇచ్చే చేతిని ఇటు తిప్పమని అడగడం లేదు. పేద పిల్లవాడి ఫీజు ముందు, ఇది తరువాత. కానీ ఎనిమిదేళ్ళు నీళ్ళు పోసి పెంచిన చెట్టు కాపుకొచ్చాక వడలిపోతుంటే రెండు బిందెలు మళ్ళీ పోయడం దుబారా అవుతుందా, మీరే చెప్పండి.

వచ్చే ఏడాది నలుగురికి ఈ ఏర్పాటు చేయాలని అనుకుంటున్నాం. డాక్టర్లకే కాదు. ఒక నర్సు, ఒక టీచరు, రాత్రిపూట అమెరికా వేళల్లో పనిచేసే ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి పేర్లు మా దృష్టిలో ఉన్నాయి. తోట యజమాని ఏడాదిలో నాలుగు వారాలు తాళంచెవి ఇస్తానన్నారు. మామిడి కోతల నెలల్లో మాత్రం వీలుపడదు, కూలీలు, లారీలు ఉంటాయి. ఇటువంటి ఇల్లు ఇంకెవరికైనా ఉంటే చెప్పండి, ఊరికి దూరంగా ఉండాలి, ఆసుపత్రికి అరగంటలో చేరగలగాలి. పుండుకు కట్టు కట్టడం, వృద్ధులను చూసుకోవడం వచ్చిన ఆడవాళ్ళు, మగవాళ్ళు మీ వీధుల్లో ఉంటే పేర్లు ఇవ్వండి. నగదు కన్నా అవే ముందు కావాలి.

అర్జీ ఫారం ఒక పేజీ. పేరు, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, వాళ్ళకు ఏ పనులు చేసిపెడుతున్నారు, ఇంతే అడిగాం. ఎందుకు అలసిపోయారో రాయమనలేదు. ఫారాలు కమిటీ ఇద్దరు సభ్యులు తప్ప ఎవరూ చూడరు. కావలసినవారు అసర్ నమాజు తరువాత ఆఫీసు గదిలో తీసుకోవచ్చు. తమ కోసం కాకుండా కూతురి కోసమో కోడలి కోసమో తీసుకునేవారు, దయచేసి ముందు ఆమెను అడిగి తీసుకోండి.